యాభై ఎనిమిది డిగ్రీలు

1927 నవంబరు 20, ఆదివారం. బరంపురం.

ఎట్టకేలకు థర్మామీటరు గోడకెక్కింది. పెరటి వసారాలో, ఉత్తరపు గోడకి, ఎండ తగలని చోట పెట్టాను. కిందటి నెల గోపాల్‌పూర్‌లో స్టీమరు ఏజెంటు దొర ఒకడు సీమకి పోతూ సామాను వేలం వేశాడు. అందరూ కుర్చీలకీ బల్లలకీ ఎగబడితే నేను దీన్ని పట్టుకొచ్చాను. గాజు గొట్టం మీద ఫారన్‌హీటు అంకెలు, లోపల పాదరసం, దాని పక్కన వెంట్రుకంత ఇనప ముల్లు. రాత్రి ఎంత చలి పడితే ముల్లు అంతవరకూ వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. తెల్లారి ఎనిమిదింటికి తీరిగ్గా చూసి రాసుకోవచ్చు. రాసుకున్నాక సూదంటురాయితో ముల్లుని మళ్ళీ మొదటికి లాగాలి.

పట్టు కొట్టు వోడివి పట్టు అమ్ముకోక ఈ గొట్టం ఏటిరా, అంది అక్క. అమ్మ పోయాక నన్నూ తమ్ముడు కూర్మయ్యనీ పెంచింది ఈ కాసమ్మక్కే. అంచేత ఆవిడ ఏమన్నా మా ఇంట్లో చెల్లుతుంది.

మా ఆవిడ కామాక్షి మాత్రం దగ్గరికొచ్చి ముల్లుని చాలాసేపు చూసింది. ఇది అబద్ధం సెప్పదా అండీ, అని అడిగింది. యంత్రానికి అబద్ధం చెప్పాల్సిన ఖర్మేమిటే, అన్నాను.

గాలి ఎటు తిరిగిందో చూడ్డానికి వెదురు కొనకి పట్టుపోగు కట్టాను. ఈ చలికాలం ఒక్క రోజు కూడా వదలను.

నవంబరు 24.

మినిమం 62. ఆకాశం నిండా మబ్బు.

కామాక్షి మూడు రాత్రులుగా పడుకోలేదు. గోడకి ఆనుకుని కూచునే ఉంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ప్రతి చలికాలం ఇదే ఉబ్బసం. ఏటేటా ఒక పిసరు ఎక్కువ. ఆ గురక లాంటి శబ్దం హాల్లో పడుకున్న నాకు వినిపిస్తూనే ఉంటుంది. వినిపించకపోతే ఇంకా భయం, లేచి వెళ్ళి చూస్తాను.

డాక్టరుగారు వచ్చారు. ఈవిడకి చలే శత్రువు, సముద్రం ఒడ్డున రాత్రి చలి అంత దిగదు, గోపాల్‌పూర్‌లో రెండు మూడు నెలలు ఉంచండి, అన్నారు. ఎంత చలికి పంపాలి, అంకె చెప్పండి, అన్నాను. ఆయన నవ్వి, వరసగా మూడు రాత్రులు యాభై ఎనిమిదికి దిగితే ఇంక ఇక్కడ ఉంచొద్దు, అన్నారు. అంకె దొరికింది. నాకు ఎంత హాయిగా ఉందో.

నవంబరు 25.

భోజనాల దగ్గర అందరికీ చెప్పేశాను. 58 మూడు రోజులు పడితే కామాక్షి గోపాల్‌పూర్, పడకపోతే ఇక్కడే. నేను కాదు, అక్క కాదు, యంత్రం చెప్తుంది. అక్కడ మా చిన్నత్త ఇంట్లో గది ఉంది. కొట్టు వదిలి నేను వెళ్ళలేను, నెలకోసారి చూసొస్తాను. చిన్నత్త నోరు మంచిది కాదు గాని మనిషి మంచిది.

కామాక్షి అందరికీ మజ్జిగ పోసింది.

నవంబరు 28.

61. ఉత్తరపు గాలి. పట్టుపోగు దక్షిణానికి ఊగుతోంది.

డిసెంబరు 4, ఆదివారం.

59. మబ్బు విడిచింది. మబ్బు లేని రాత్రే చలి, ఇన్నాళ్ళకి స్వయంగా చూశాను.

అక్క తలకి నూనె పెడుతూ మాట తీసింది. దిగపహండిలో మన వోళ్ళమ్మాయి ఉందిరా, కమలాకుమారి, పదహారేళ్ళు, నిండుగా ఉంటది. ఇంటికి పిల్లా జెల్లా ఒద్దా? ఇది గోపాల్‌పూరు ఎల్లినాక ఓపాలి సూసొద్దాం, ఏటంటావు, అంది. అక్కకి ఇది ఏటేటా వచ్చే గోల. నేను నవ్వేసి ఊరుకున్నాను. కళ్ళలోకి నూనె కారుతోంది, పైన ఒక్క మబ్బుతునక తూర్పుకి పోతోంది, దాన్నే చూస్తున్నాను.

డిసెంబరు 5.

59. ఇంకొక్క డిగ్రీ. కామాక్షి పెట్టె సర్దుకోమన్నాను. సర్దలేదు.

డిసెంబరు 7.

64!

నిన్న 59, ఇవాళ 64. ఆకాశం అద్దంలా ఉంది. మబ్బు లేకుండా అయిదు డిగ్రీలు ఎలా పెరిగింది? రెండుసార్లు కళ్ళు తుడుచుకుని చూశాను. 64.

డిసెంబరు 11, ఆదివారం.

నాలుగు రోజులుగా 63, 64. బాబూరావు కార్డు వచ్చింది. వాడు నాతో స్కూల్లో చదివినవాడు, గోపాల్‌పూర్ పోర్టాఫీసులో గుమాస్తా. అక్కడి అంకెలు వారానికోసారి పంపుతాడు, ఇక్కడివి నేను రాస్తాను. ఇక్కడ 61 పడుతోంది, నీకు 64 ఏమిటి, సముద్రం మీ వీధిలోకి వచ్చిందా, యంత్రం పాడైందో నువ్వు పాడయ్యావో చూసుకో, అని రాశాడు. వాడికి అసూయ.

యంత్రం పాడవలేదు. పగలు డాక్టరుగారి దాంతో పక్కపక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

డిసెంబరు 14.

64. పాలు పోసే గౌడుడు గోనె కప్పుకుని వణుకుతూ వచ్చాడు. ఆజి బొడొ శీతొ బాబూ, ఇవాళ భలే చలి అని ఒరియాలో అన్నాడు. ఏం చలి, అరవై నాలుగు, అని చెప్పాను. వాడు నన్ను అదోలా చూసి పాలు కొలిచాడు.

వసారాలో యంత్రం కింద బూడిద. పనిమనిషి ముత్యాలుని కేకలేశాను. నాను తుడిసీసే ఎల్లినాను బాబూ, నిన్న రేతిరి అద్దంనాగుంది, అని ఎదురు చెప్పింది. దాని మాట నేనెప్పుడు నమ్మాను గనక.

డిసెంబరు 18, ఆదివారం.

థియరీ దొరికింది!

మా పెరటి వెనకే నేతగాళ్ళ వీధి. పెళ్ళిళ్ళ ముందు రోజులు, నలభై ఇళ్ళలో పట్టు ఉడకేస్తారు, రంగు బానలు కాగుతుంటాయి. ఆ పొయ్యిల వేడి అంతా రాత్రి ఈ ఇరుకు గోడల మధ్యే నిలిచిపోతోంది. అందుకే బరంపురం బజారు గోపాల్‌పూర్ కంటే వెచ్చన. ఇది ఇంతవరకూ ఎవరికీ తట్టి ఉండదు. మూడు పేజీలు ఇంగ్లీషులో రాశాను. మదరాసు వాతావరణం ఆఫీసుకి పంపుతాను.

కామాక్షికి చదివి తెలుగులో చెప్పాను. ఎంత బుర్రండీ మీది, అంది. దగ్గు వచ్చి పూర్తిచెయ్యలేదు. మూడు మాటలకోసారి ఆగుతోంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఇంత వెచ్చటి వీధిలో ఉండి ఇదేమిటో.

గోపాల్‌పూర్ పంపక్కర్లేదులే, అంకె పడలేదుగా, అన్నాను. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

డిసెంబరు 22.

డాక్టరుగారు నన్ను వీధిలోకి పిలిచి మాట్లాడారు. చలి లేదంటున్నారు, మంచం పక్కన కుంపటి కూడా ఉందంటున్నారు, అయినా పెరుగుతోందంటే ఇది వట్టి ఉబ్బసం కాకపోవచ్చు, అన్నారు. క్షయ అన్న మాట చాలా మెల్లిగా అన్నారు. కళ్ళె పరీక్షకి పంపాలి. అదే అయితే మదరాసు వైపు శానటోరియం. ఏడాది, ఏడాదిన్నర. దగ్గర ఎవరినీ ఉండనివ్వరట.

అక్కకి చెప్పాను. అక్క వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది.

కామాక్షికి చెప్పలేదు. తలుపు వారనే ఉంది, విన్నదేమో.

డిసెంబరు 23.

64. రాయడానికి చెయ్యి రావటం లేదు.

డిసెంబరు 24. ఉదయం ఏడు.

నిద్ర పట్టక అయిదున్నరకే లేచాను. వెనక గదిలోకి వెళ్తే మంచం ఖాళీ. మంచం పక్క కుంపటి లేదు. పెరటి తలుపు తీసి ఉంది.

వసారాలో ఉంది. గుమ్మం దాటితే పది అడుగుల్లో ఏమీ కనిపించనంత మంచు. పీట మీద పీట వేసి, ఆ పైన కుంపటి, ఆ పైన నా థర్మామీటరు. తన శాలువా తీసి యంత్రం చుట్టూ కప్పింది. తను వట్టి చీరతో నేల మీద కూచుని విసనకర్రతో నిప్పుల మీద నివురు మెల్లిగా విసురుతోంది. నాలుగుసార్లు విసిరి ఆగుతోంది, ఊపిరి పట్టుకోవడానికి. జుట్టంతా మంచుకి తడిసిపోయి ఉంది.

నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

రోజూ అందరూ పడుకున్నాక కుంపటి ఇక్కడికి తెస్తుందట. తెల్లారగట్ల మళ్ళీ వచ్చి నిప్పు రాజేస్తుందట. పొద్దెక్కి చలి విరిగాక, నేను లేచేలోపు లోపల పెట్టేస్తుందట. వసారాలోంచీ ఆ గురక హాల్లోకి వినిపిస్తూనే ఉంది; దాని గురకకీ నడకకీ ఇంట్లో అందరం అలవాటుపడ్డాం, ఎవరూ లేవలేదు. పద్దెనిమిది రాత్రులు! దానికోసం తెచ్చిన కుంపటితో గోడకి చలి కాచింది. నేను దాని మీద మూడు పేజీలు రాశాను, గాడిదని.

ఎందుకే, ఎందుకిలా చేశావే, అన్నాను.

చెప్పింది, ఆగి ఆగి. మీరు సెప్పీసినారు కదండీ, యాభై ఎనిమిది పడితే పంపించీస్తానని. నేనెల్లిపోతే మళ్ళా వొచ్చీసరికి నా మంచం మీద ఇంకెవులో ఉంటారు. మీ అక్క ఆ దిగపహండి పిల్ల మాట సెప్పినప్పుడు మీరు కాదనలేదు. నవ్వేసి ఊరుకున్నారు. నేను పొయ్యికాడే ఉన్నాను, అంది.

అదే నాకు తగిలింది. నేను ఆరోజు మబ్బు చూస్తున్నాను.

కుంపటి లోపల పెట్టాను. కామాక్షిని ఎత్తుకుని వెళ్ళి మంచం మీద కూచోబెట్టాను. పసిపిల్లంత తేలిక. ఈ పుస్తకంలో దాపరికమెందుకు, ఏడ్చాను. మగోళ్ళు ఏడుస్తారేటండీ, అని అది నా కళ్ళు తుడిచింది. నీ మంచం మీద ఇంకొకతి పడుకునే నాటికి ఆ మంచం కింద నన్ను పాతిపెట్టి ఉంటారే, అన్నాను. అశుభం మాటలాడకండి, అని నా నోరు మూసింది.

ఇంగ్లీషు థియరీ మూడు పేజీలూ కుంపట్లో వేశాను.

అదే రోజు, సాయంత్రం.

డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. రాత్రికి రెండుసార్లు ఆ మంచులోకీ ఆ బొగ్గు పొగలోకీ వెళ్తే ఏనుక్కైనా దగ్గొస్తుంది, అన్నారు. కళ్ళె మాత్రం పంపుదాం, దాంతోపాటు మనిషిని వెంటనే గోపాల్‌పూర్ పంపెయ్యండి, అన్నారు.

అక్కని కూచోబెట్టి చెప్పాను. కామాక్షి వెళ్తుంది, నేనూ వెళ్తాను. చలి పోయేదాకా రాను. కొట్టు కూర్మయ్య చూస్తాడు. దిగపహండి మాట ఈ ఇంట్లో మళ్ళీ వినిపిస్తే నేను అటునుంచి అటే రంగూన్ స్టీమరెక్కుతాను. అక్క ఎదుట నేనింత గొంతు ఎత్తడం ఇదే మొదలు.

నేను ఇంటి మంచి కోసమే కదరా అన్నాను, అంది అక్క. నాకు తెలుసు. తర్వాత లేచి వెనక గదిలోకి వెళ్ళింది. గుమ్మంలోంచి చూశాను. ముడిలో ఇంకా ఆరని కామాక్షి జుట్టు విప్పి సాంబ్రాణి పొగ వేయబోయి, పొగ పడదని గుర్తొచ్చి, కొంగుతో పాయ పాయా తుడుస్తోంది. దొంగదానా, నాకైనా సెప్పకూడదేటే, అంటోంది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

డిసెంబరు 25.

53. కుంపటి లేకుండా.

డిసెంబరు 28. గోపాల్‌పూర్.

జట్కాలో పరుపు వేసి తీసుకొచ్చాం. దారంతా నా భుజం మీదే పడుకుంది. చిన్నత్త ఇంట్లో గది చిన్నది, కిటికీలోంచి సముద్రం వినిపిస్తుంది. అత్త గుమ్మంలోనే, మగోడు పెళ్ళాం ఎనకాల పుట్టింటికొచ్చినట్టు ఇదేటి ఇడ్డూరం, అంది. అననీ.

బాబూరావు వచ్చాడు. పడవల వాళ్ళందరికీ నా అరవై నాలుగు కథ చెప్పి ఉంటాడనుకున్నాను. ఒక్క మాట ఎత్తలేదు. కండువాలో కట్టుకొచ్చిన రేగుపళ్ళు కామాక్షి దగ్గర పెట్టి, చెల్లెమ్మా ఇక్కడ గాలి మంచిది, అని వెళ్ళిపోయాడు.

1928 జనవరి 3.

రాత్రి రెండు గంటలు పడుకుని నిద్రపోయింది. కూచుని కాదు, పడుకుని.

జనవరి 9.

డాక్టరుగారి ఉత్తరం. కళ్ళెలో ఏమీ లేదు. నాలుగుసార్లు చదివాను. కామాక్షి చేత చదివించాను. చిన్నత్తకి వినిపించాను. ఇసకలో వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళలో పైడన్న అనే ముసలాయన దగ్గర కూచుని ఆయనకీ చెప్పాను. ఆయనకి కళ్ళె పరీక్ష అంటే ఏమిటో తెలియదు. మంచిది బాబూ, బాగుండండి, అన్నాడు.

జనవరి 20.

రెండు వారాలుగా అంకెలు రాయలేదు. బాబూరావు అడిగితే, మర్చిపోయానన్నాను. నిజంగానే మర్చిపోయాను.

ఫిబ్రవరి 5, ఆదివారం.

ఇసక కాళ్ళతో లోపలికొచ్చానని కామాక్షి తిట్టింది. ఇప్పుడే తుడిసీసినాను, గుడ్డితనమేటండీ, ఇల్లనుకున్నారా ఒడ్డనుకున్నారా, అని గుమ్మం దగ్గర మొదలుపెట్టి పెరటి నుయ్యిదాకా తిడుతూనే వెళ్ళింది. మధ్యలో ఊపిరి కోసం ఎక్కడా ఆగలేదు.

మళ్ళీ బయటికి వెళ్ళి ఇసక తొక్కి వచ్చాను.