జేరే బావకో కోడి

లువాంగ్వా నది ఒడ్డు, మన శిబిరం,
14 అక్టోబరు 2018, ఆదివారం.

ఎలుకల వేటలో ఆరితేరిన శ్రీమాన్ లాక్సన్ జేరే బావగారికి, కోతిమాంసం తిని పెరిగిన కసోండే నమస్కరించి రాయునది. మోకాళ్ళు తప్ప నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వూ, తసీలా అక్కా, మేకలూ, మొక్కజొన్న చేనూ క్షేమమని తలుస్తాను.

ముందొక పని చెయ్యి. ఈ ఉత్తరం తెచ్చిన చిపాటా బస్సు డ్రైవరు చేతిలో ఒక బుట్ట ఉంటుంది. అందులో కోడి ఉంది. పాపం ఎండన పడి వచ్చింది. దానికి నీళ్ళు పెట్టి, నాలుగు గింజలు చల్లి, ఆ తర్వాత తాపీగా కూర్చుని చదువు. ఎందుకు పంపానని ఇప్పుడే అడక్కు. అసలు కోడి బాకీ పడ్డది నువ్వు, నేను కాదు.

మా బేంబా తెగకీ మీ న్గోనీ తెగకీ తాతల నాటి యుద్ధాలు చల్లారాక మిగిలిన వేళాకోళపు వరస ఇదొక్కటే కదా. మీరు మమ్మల్ని కోతులు తినేవాళ్ళనీ, మేం మిమ్మల్ని ఎలుకలు తినేవాళ్ళనీ ఎంత మాటైనా అనచ్చు, పడ్డవాడు నవ్వాలి. నవ్వకుండా మూతి ముడుచుకున్నవాడు కోడి ఇచ్చుకోవాలని మనిద్దరం విడిగా ఒక షరతు పెట్టుకున్నాం. నువ్వు ముందు తుపాకీ పట్టుకుని, నేను వెనక వాగుతూ, పన్నెండేళ్ళు అతిథుల్ని ఈ అడవిలో నడిపించాం. అన్నేళ్ళలో నేను నీకు మూడు కోళ్ళు ఇచ్చుకున్నాను. నువ్వు ఒక్కటీ ఇవ్వలేదు. మా నాన్న పోయినప్పుడు నువ్వొచ్చి శవపేటిక పక్కన నిలబడి, ముసలాయన ఇక చెట్లెక్కడం మానేసినట్టేనా అని అడిగావు. ఏడుస్తున్న మా అమ్మ కూడా నవ్వేసింది. అలాంటి నువ్వు రెండేళ్ళ కిందట నా ఒక్క మాటకి టీ కప్పు కింద పెట్టి లేచి వెళ్ళిపోయావు. నేను మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఇది నాలుగోది. దీన్నీ చదవకుండా పడేస్తావేమోనని కోడిని తోడిచ్చాను.

ఇక కబుర్లు. ఏరు బాగా తగ్గింది. ఎదురొడ్డు గట్టులో ఎర్రపిట్టలు ఈ ఏడు కూడా వేలకొద్దీ బొరియలు తవ్వుకున్నాయి. వంటావిడ ఎలీనా రొట్టె కాలుస్తుంటే ఏనుగు కిటికీలోంచి తొండం పెట్టి పిండి బస్తా లాక్కుపోయింది. ఆవిడ గరిటె పట్టుకుని దాని వెంటపడితే నేను ఆవిడ వెంటపడ్డాను. మోకాళ్ళు అక్కడే వదిలేశాయి. నీ స్థానంలో బేసా అనే అమ్మాయి తుపాకీ పట్టే స్కౌటుగా వచ్చింది. మంచి పిల్ల, నిదానం ఉంది, గురి ఉంది. కానీ నన్ను అయ్యా అంటుంది. తెల్లారి లేచి ఒక్క తిట్టూ తినకుండా ఆరు మైళ్ళు నడవడం ఎంత విసుగో నీకేం తెలుసు.

అసలు కబురు ఇది. బ్రూనర్ మళ్ళీ వచ్చాడు. గుర్తున్నాడా, చేతి పొడుగు లెన్సుతో దిగిన ఫొటోగ్రాఫరు? ఆ లెన్సు చూసి, దీన్ని పేల్చాలంటే లైసెన్సు ఉండాలా అని నువ్వు మొదటిరోజే అడిగావు. ఇప్పుడు ఆయనకి డెబ్బై దాటాయి. నడక తగ్గింది, ఓపిక పెరిగింది. మూడో రోజు పొద్దున ఏటి వంపు దగ్గర, సాసేజి చెట్టు కొమ్మ మీద ఒక పడుచు చిరుత పడుకుని ఉంది. తోక మాత్రం కిందికి వేలాడుతోంది. చూసి ఆయన కాసేపు కెమెరా మీట నొక్కడమే మర్చిపోయాడు. తర్వాత నాలుగొందల ఫొటోలు తీశాడు. అది పెద్దగా ఆవులించి అటు తిరిగి పడుకుంది.

అదెవరో తెలుసా? రెండేళ్ళ కిందట ఆయన కోసం పది రోజులు వెతికి మనం చూపించలేకపోయిన చిరుత పిల్లల్లో ఒకటి. నువ్వు వెళ్ళిపోయాక, ఆ వానలయ్యాక, తల్లి తనంతట తనే ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని బండ్ల దారి మీదికి వచ్చింది. ఇద్దరూ బతికారు బావా. నీకు ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాశాను, అది చదివి ఉండవు.

ఆ మధ్యాహ్నం టీ దగ్గర బ్రూనర్ తన పాత ఫొటోలు తెరిచాడు. వాటిలో ఆ తొమ్మిదో రోజు పొద్దుటిది ఒకటుంది. దారి రెండుగా చీలిన చోట మమ్మల్ని ఆపి, ఎడమ దారిలో ఏనుగులేమైనా ఉన్నాయేమో చూసొస్తానని నువ్వొక్కడివే ముందుకి వెళ్ళావు. తిరిగొచ్చి, పాత ఏనుగు పేడ తప్ప ఏమీ లేదని చెప్పి కుడి దారి పట్టించావు. మేం నమ్మాం. బ్రూనర్ వట్టి చేతులతో వెళ్ళిపోబోతున్నాడని ఆ సాయంత్రం మేనేజరు అందరి ముందూ మనల్ని నిలదీశాడు. చిరుతలకి పేరుమోసిన లోయలో ఇన్ని రోజులూ ఏం చేశారు, తప్పెవరిదని అడిగాడు. నేను అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది, అయినా రాస్తాను.

“ఎలుకల జాడకి అలవాటుపడ్డ కళ్ళండీ, పక్కనుంచి చిరుత నడిచిపోయినా ఆనదు.”

అందరూ నవ్వారు. నువ్వు కప్పు కింద పెట్టావు. నెల తిరక్కుండా పింఛను కాగితం రాసిచ్చి ఊరెళ్ళిపోయావు. జేరేకి చూపు తగ్గింది, అందుకే వెళ్ళాడని శిబిరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. జాడ పట్టడంలో ఈ లోయలోనే నీ తర్వాతే ఎవరైనా, అలాంటి నీకు ఆ పేరు మిగిలింది.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి. గడ్డి సందులోంచి, ఆ పొడుగు లెన్సుతో, నీ కాళ్ళు మాత్రమే పడ్డాయి. ఒక బూటు పక్కకి తిరిగి ఇసుకని ఈడుస్తోంది. బ్రూనర్ దాన్ని పెద్దది చేసి చూపించాడు. మడమ అంచున సగం చెరిగిన చిరుత అడుగు ఉంది. దాని పక్కన బొటనవేలంత చిన్న అడుగులు రెండు ఉన్నాయి. నేను తడుముకుని, చూడకుండా తొక్కి ఉంటాడు అన్నాను. బ్రూనర్ నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆయనకి ఇంటికెళ్ళిన మొదటి వారంలోనే తెలిసిపోయిందట.

“ఆ రోజు చూపించి ఉంటే పొదలోకి దూరేదాకా నేను ఆగేవాణ్ణి కాను. ఆయనకి నా థాంక్స్ చెప్పు” అన్నాడు.

నాకు వెంటనే మడుగు దగ్గరి చిరుత గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది అతిథుల బండ్లు ఆరు చుట్టుముడితే, అది బెదిరి పట్టపగలు పిల్లల్ని నోట కరుచుకుని చోటు మార్చింది. రెండో పిల్ల కోసం తిరిగొచ్చేసరికి హైనాలు మిగల్చలేదు. నువ్వు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అది గుర్తుపెట్టుకునే ఈసారి జాడ చెరిపావు. అతిథి డబ్బు పెట్టి చూడ్డానికొచ్చిన దాన్ని దాచడం మన వృత్తిలో పెద్ద తప్పు, అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆ ఫొటో నీకోసం అచ్చు వేయించి ఇచ్చాడు. ఉత్తరంతో పెట్టాను. నీ ముఖం పడలేదు, ఫొటో బాగా రావడానికి అదే కారణం.

ఈ ఏడాదితో నేనూ ఈ పని మానేస్తున్నాను. ఇరవయ్యేడో తారీఖు శనివారం ఆఖరి నడక, ఆ మధ్యాహ్నం భోజనాలు. నువ్వు రావాలి. తుపాకీ బేసా పడుతుంది. నువ్వు టోపీ పెట్టుకుని అతిథిలా నడు, నీ టీ ఫ్లాస్కు నేను మోస్తాను. నువ్వు పక్కన లేకుండా ఆ దారి ఆఖరిసారి నడవడం నాకు ఇష్టం లేదు. ఇంతకంటే తిన్నగా చెప్పడం చేతకాదు. తసీలా అక్కని కూడా తీసుకురా. ఎలీనా ఎండు చేపల కూర చేస్తానంది. ఎలుకలు కావాలంటే మాత్రం మీరే తెచ్చుకోవాలి.

ఇట్లు,
చెట్టు దిగి చాలా కాలమైన నీ బావ,
కసోండే.

తా.క. కోడి సంగతి. పైన రాసిందంతా మళ్ళీ చదువుకున్నాను. అన్నీ నిజాలే, ఒకటి మాత్రం దాచాను. ఆ పొద్దున నువ్వు ఎడమ దారిలోకి వెళ్ళాక, దారి మొదట్లోనే ఆ జాడలు నాకూ కనపడ్డాయి. చెట్టు మీద గద్దని చూపించి, బ్రూనరూ మిగతావాళ్ళూ తలెత్తగానే బూటుతో చెరిపేశాను. నాకూ మడుగు దగ్గరి చిరుతే గుర్తొచ్చింది. నువ్వు తిరిగొచ్చి ఏమీ లేదన్నప్పుడు, నీకు నిజంగానే ఆనలేదనుకున్నాను. సాయంత్రం మేనేజరు తప్పెవరిదని అడిగేసరికి నా గైడు లైసెన్సు పోతుందని భయం వేసింది. తప్పు నీ కళ్ళ మీదికి తోసేశాను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఫొటో చూసినప్పట్నుంచీ ఒకటే ఆలోచన. ఎలుక దారి చదవగలిగినవాడివి, తిరిగొచ్చేటప్పుడు నా పదో నంబరు బూటు ఇసుకలో గీసిన గీత నీ కంట పడకుండా ఉంటుందా? పడింది. చెరిపింది నేనని తెలిసే, ఆ మాట నా నోట విన్నావు. ఒక్క ముక్క బయటపెట్టి ఉంటే నా ఉద్యోగం ఆ పూటే పోయేది. నువ్వు కప్పు కింద పెట్టి ఊరుకున్నావు.

అది వేళాకోళం కాదు బావా, అబద్ధం. మన వరస అబద్ధానికి వర్తించదు. కాబట్టి కోడి ఇచ్చుకోవాల్సింది నేనే. మేనేజరుకి నిన్ననే అంతా చెప్పేశాను, నీ కళ్ళ గురించి ఇక ఎవరూ మాట్లాడరు. ఇరవయ్యేడున రా. దారి పొడుగునా తిట్టు. ఈసారి నవ్వాల్సిన వంతు నాది.