రమణమ్మకు నేను గీసిచ్చిన ఎయిర్‌పోర్టు

మదనపల్లె, 9 జూన్ 1996, ఆదివారం రాత్రి

మా వీధిలో ఇస్త్రీ చేసే రమణమ్మ ఈ రోజు కువైట్ నుంచి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసింది. క్షేమంగా చేరిందట. ఆమె బయల్దేరినప్పటి నుంచి పది రోజులుగా నాకు అన్నం సయించలేదు. మద్రాసు ఎయిర్‌పోర్టులో ఎటు పోవాలో మ్యాప్ గీసిచ్చింది నేనే. సోషల్ టీచర్ని కదా, తెలియదనడానికి నోరు రాలేదు. మన బస్టాండునే తలుచుకుని ఒక గేటు, ఒక ఎంక్వైరీ, వరసగా ప్లాట్‌ఫారాలు గీసేశాను.

"ఆడ రెండు బిల్డింగులుండాయి సారూ. మీ కాగితం సూపిస్తే, ఇది మన దేశంలో తిరిగే ఇమానాలకమ్మా, నీది పక్కది, పో అనిరి. ఏడుపొచ్చేసింది. అంతలో ఒకామె పెట్టె మీద తెలుగులో మన తట్టుండే ఊరి పేరు, 'కలికిరి' అని పెయింటుతో రాసుండాది. నా టికెట్టు కౌంటరు దాకా ఆ పెట్టె ఎనకాలే పోయినా" అని నవ్వింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఆమె చెల్లెలు లక్ష్మి వచ్చింది. వచ్చే నెల తనూ పోతోందట, మ్యాప్ కావాలట. ఈసారి చెప్పేశాను.

"నేను ఎయిర్‌పోర్టు ఎప్పుడూ చూడలేదమ్మా."

"అక్కకు పోకముందే తెలుసు సార్. అయినా ఆ కాగితం సేతిలో ఉంటే దైర్నమంట. నాకూ గీసియ్యండి."

ఇప్పుడే రెండు బిల్డింగులు గీశాను. మధ్యలో దారి ఎంతో తెలియదు, ఖాళీగా వదిలేశాను. లక్ష్మి పెట్టె మీద ఊరి పేరు మాత్రం నా చేత్తోనే పెద్దగా రాయాలి. దాని వెనకాల ఎవరు నడవాల్సి వస్తుందో...