నలభై మూడో దరఖాస్తు

చెల్లెమ్మకి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ వదినా ఒంట్లో కులాసాగానే ఉన్నాం. నువ్వూ బావగారూ పాపా కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. ముందు తేలికైన ప్రశ్నలకి జవాబులు రాస్తాను. వదిన మోకాలు నయం. మెట్లెక్కేటప్పుడు మాత్రం నన్ను తిడుతూ ఎక్కుతుంది, ఆ మెట్లు నేనే కట్టించినట్టు. పాపకి లెక్కలు రావడం లేదని బెంగపడకు. మేనమామ పోలిక, ఎక్కడికి పోతుంది?

ఇక అసలు ప్రశ్న. "అన్నయ్యా, నా దరఖాస్తు చేరిందా? ఇంటర్వ్యూ ఎప్పుడు?" అని అడిగావు. చేరిందమ్మా. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. ఇంటర్వ్యూ మాత్రం లేదు. పాత పుస్తకాల మరమ్మతు మీద మా విశ్వవిద్యాలయంలో ఉన్న ఆ పీజీ కోర్సుకి ప్రవేశాలు ఆపేశారు. ఈ ఒక్క ఏడాదికని కూడా కాదు. మళ్ళీ ఎప్పుడన్నది ఎవరూ చెప్పడం లేదు. ఉత్తర్వు సోమవారం వచ్చింది. మా విభాగంలో గుమాస్తాని కదా, నోటీసు టైపు చేసింది నేనే. "అనివార్య కారణాల వల్ల" అని మొదలుపెట్టమన్నారు. అవేమిటో రాయక్కర్లేదన్నారు. జరిగింది ఇంతే: కోర్సు నేర్పే మేడం వచ్చే నెల రిటైరవుతున్నారు, ఆవిడ స్థానంలో ఎవర్నీ వెయ్యడం లేదు.

ఫోన్లో చెప్పొచ్చు. రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. నీ గొంతు వింటూ ఈ మాట చెప్పడం నా వల్ల కాలేదు.

వచ్చిన దరఖాస్తులన్నీ తిప్పి పంపమన్నారు. నలభై మూడు. కవర్ల మీద చిరునామాలు రాస్తూ నీది కావాలనే చివరికి పెట్టాను. దాన్ని పట్టుకుని మేడం గదికి వెళ్ళాను. ఆవిడ కుంచెలు గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దుకుంటున్నారు.

"మా చెల్లెలు పంపిందండి. ఒక్కసారి చూస్తారా?" అన్నాను.

నువ్వు బాగుచేసి పంపిన ఆరు కాగితాలూ వెలుతురుకి ఎత్తిపట్టి చూశారు. భూతద్దం తీసుకుని మళ్ళీ చూశారు.

"ఇవెక్కడివి?"

"ఆసుపత్రిలో కాన్పుల రిజిస్టరండి, డెబ్బై ఏళ్ళ నాటిది. తను అక్కడ రికార్డు గదిలో పనిచేసేది. పైపు పగిలి బీరువా నానిపోతే అందరూ పారేద్దామన్నారు. తను ఒప్పుకోక, ఒక్కో కాగితం విడదీసి ఆరబెట్టింది."

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరండి. మీ వ్యాసాలు తెప్పించుకుని చదివింది. చేసింది తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు లేరని, అందుకే ఈ కోర్సు కావాలని, ఎన్నేళ్ళుగానో ఒకటే పోరు."

ఆవిడ ఒక కాగితం మూలని వేలితో తడిమి చూశారు. "జిగురు కొంచెం చిక్కనైంది. ఈ మూల ముడుచుకుంటోంది చూడండి. అదొక్కటే" అన్నారు. కాగితాలు కవర్లో పెట్టబోయి, మళ్ళీ బయటికి తీశారు. "ఇలాంటి చెయ్యి కోసం ఏటా చూసేదాన్ని. రాక రాక ఇప్పుడొచ్చింది" అని కుర్చీలో కూలబడ్డారు. జిగురు ఎంత పల్చగా ఉండాలో, ఎండిన మూలని ఎలా విప్పాలో స్వయంగా ఒక పేజీ రాసిచ్చారు. నీ కవర్లో పెట్టాను. అది సీటు కాదు. ఆ సంగతి నాకూ తెలుసు.

ఇంతసేపూ ఒక మాట చుట్టూ తిరుగుతున్నాను. రాసేస్తాను. ఈ కబురు నాకు తెలిసింది సోమవారం కాదు. మూడు నెలల కిందటే తెలుసు. కమిటీ కూర్చున్న రోజు మినిట్స్ రాసింది నేనే. ఉత్తర్వు వచ్చేదాకా మాట బయటికి పొక్కకూడదని మా హెడ్ అన్నారు. ఆ తర్వాత ఇరవై రోజులకి నువ్వు ఫోన్ చేసి, "అన్నయ్యా, రాజీనామా ఇచ్చెయ్యనా? ముందుగా చెప్పాలట" అని అడిగావు. "నీ ఇష్టం తల్లీ, బాగా ఆలోచించుకో" అన్నాను. "ఆగు" అనలేకపోయాను. రెండక్షరాలు.

పైవాళ్ళు మనసు మార్చుకుంటారేమోనని ఆశపడ్డానని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. భయపడ్డాను. కమిటీ గదిలో ఆ రోజు ఉన్నది ఐదుగురం. మాట పొక్కితే ముందు చూసేది గుమాస్తా వైపే. నాకింకా రెండేళ్ళ సర్వీసు ఉంది. దాన్ని కాపాడుకోవడానికి పదకొండేళ్ళ నీ ఉద్యోగాన్ని పోనిచ్చాను. నీ కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి పనంతా నేర్పి, నవ్వుకుంటూ బయటికొచ్చానని రాశావు చూడు, అది చదివి అన్నం ముందు నుంచి లేచిపోయాను.

క్షమించమని అడగను. బావగారికి చెప్పేటప్పుడు నన్ను వెనకేసుకు రాకు. ఉన్నదున్నట్టు చెప్పు. నీ దరఖాస్తులో ఏదో లోపం ఉందని మాత్రం రాత్రింబవళ్ళు దాన్ని తిరగేస్తూ కూర్చోకు. దాన్ని ఎవరూ తెరవలేదు, మేడం తప్ప.

నీ ప్రశ్నల్లో ఇంకొకటి మిగిలింది. చదువుకునే రెండేళ్ళూ మా ఇంట్లో ఉంటే వదినకి ఇబ్బందా అని అడిగావు. వదినకి ఇంకా ఏమీ చెప్పలేదు. నిన్న పక్క గది ఖాళీ చేసి, నీ పనికి వెలుతురు కావాలని నా చేత బల్ల కిటికీ దగ్గరికి జరిపించింది. "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ ఉంటే నోరు మూసుకుని జరిపాను. ఈ ఉత్తరం పోస్టులో వేసి, ఇంటికెళ్ళి చెప్తాను.

ఇట్లు,
ఇక మీదట కూడా నీ నోట ఆ పిలుపు వినాలని ఉన్న
అన్నయ్య