మూడో పెట్టె మీది బాణం

మే 6
జాబితా వచ్చింది. దేశంలోని భూవిజ్ఞాన శాస్త్రవేత్తలకు ర్యాంకులు. ఎవరి వ్యాసాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో పేర్కొన్నారో లెక్కపెట్టి వరస కట్టారు. నా పేరుంది! మా కాలేజీ నుంచి నేనొక్కణ్ణే. సుధాకర్ పేరు లేదు. రెండుసార్లు వెతికాను, లేకపోవడం చూసుకోవడానికే. స్టాఫ్‌రూములో అందరి ముందూ అన్నాను: "నీ పేరు ఏ పేజీల ఉన్నదో నాకైతే దొరకలే సుధాకర్." వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఎంత హాయి. విభాగాధిపతి కుర్చీకి పోటీ మా ఇద్దరి మధ్యే.

మే 7
నన్ను పేర్కొన్నవాళ్లెవరో చూద్దామని కూర్చున్నాను. కూర్చోకుండా ఉండాల్సింది. దాదాపు అందరూ ఒకే వ్యాసాన్ని పట్టుకున్నారు — బొగ్గు కోసం వేసిన కాసిపేట బోరు మీద రాసింది. బొగ్గుపొర విరిగి కిందికి జారిందని, అక్కడ నేలపొరల్లో పెద్ద చీలిక, ఫాల్టు, ఉందని రాశాను. తీరా తవ్వితే ఫాల్టూ లేదు, గీల్టూ లేదు. "ఇలాంటి పొరపాటు ఎలా జరుగుతుందో చూడండి" అంటూ నా పేరు. ప్రతివాడూ అదే. లెక్కపెట్టే యంత్రం చదవదు కదా... లెక్కపెడుతుంది, అంతే. తిట్లన్నీ కలిపి నాకు ర్యాంకయింది.
ఎవరికీ చెప్పలేదు.

మే 9
సన్మానం. రామగుండం ఎండలో శాలువా. సుధాకర్ చప్పట్లు కొట్టాడు. కొట్టక చస్తాడా.

మే 10
బండి టైరు దిగిపోయింది. చౌరస్తాలో పంక్చర్ షాపు. ఇంకో షాపు దాకా తోసుకుపోవాల్సింది, ఎండకు ఓపిక లేక ఆగాను. కాసిం కాక. షాపు ఇతనిదే; ఏడేళ్ల కింద ఆ కాసిపేట బోరు దగ్గర రాళ్ల పెట్టెలు సర్దేవాడు.
"ముబారక్ సార్. పేపర్ల మీ ఫోటో వచ్చింది. మా బిడ్డ చూపెట్టింది."
నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని వెతికాను. లేదు. అదే నన్ను తినేస్తోంది.

మే 11
ఇక్కడైనా రాసేస్తాను. బోరులోంచి తీసిన రాతికడ్డీలను పైనుంచి కిందికి వరసగా పెట్టెల్లో పేరుస్తారు. ఏది పైభాగమో తెలియడానికి కాసిం కాక ఎర్రరంగుతో బాణం గీసేవాడు. మధ్యమధ్యలో లోతు రాసిన చెక్కముక్కలు. మూడో పెట్టెను ఫోటో తీస్తుంటే దాని మీద నా నీడ పడింది. పెట్టెను తిప్పాను. చెక్కముక్కలు అడ్డమని తీశాను, తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేశాను. నేనే. ఈ చేతులతోనే.
"సార్, పెట్టె ఉల్టా ఉన్నది. కింది రాయి పైకొచ్చింది."
"నువ్వు మొయ్యి కాక. చదివేది నేను."
ఆ తలకిందుల వరసే నాకు పొర విరిగినట్టు కనిపించింది. తవ్వి చూశాక గనివాళ్లు సంజాయిషీ అడిగారు. రాసిచ్చాను: పెట్టెలు సర్దిన మనిషి నిర్లక్ష్యం. ఒక్క వాక్యం. కాంట్రాక్టరు ఆ వారమే అతణ్ణి పని మాన్పించాడు.

మే 14
పర్వీన్ వచ్చింది — నా దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తోంది. కాసిం కాక బిడ్డ. చేరిన రోజే తెలుసు, తెలియనట్టు నడిపాను. నేనిచ్చిన అంశం వదిలేసి, షెడ్డులో పడున్న ఆ మూడో పెట్టెను మళ్లీ చదివింది. నా వ్యాసంలోని ఫోటోను పెద్దది చేసి తెచ్చింది.
"గిది మా అబ్బా గీసిన బాణం సార్. మీ ఫోటోల కిందికి ఉన్నది."
వ్యాసం రాసింది. గైడుగా నా సంతకం ఉంటేనే పత్రికకు పోతుంది. "మా అబ్బా మీద పడ్డ మాట పోవాలె సార్. గంతే."
"ఇంగ్లీషు బాగలేదు. మళ్ల రాసుకరా."
బాగుంది. నాకంటే బాగా రాసింది.

మే 16
మళ్లీ తెచ్చింది. "బొమ్మలు సరిగ లేవు" అన్నాను.

మే 18
మూడోసారి. పేర్కొన్న వ్యాసాల్లో మొదటిది నాదే. ఇది అచ్చయితే నా లెక్కకు ఇంకొకటి కలుస్తుంది! కుర్చీ మాత్రం సుధాకర్‌కు పోతుంది. ఒక వాక్యం మీద వేలు పెట్టాను — 'ఫోటో కోసం పెట్టెను వ్యాసకర్తే తిప్పారు.'
"ఎవరో తిప్పి ఉండవచ్చు అని మార్చు. ఇప్పుడే సంతకం పెడత."
కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.
"ఎవరో అంటే... మళ్ల మా అబ్బా మీదికే వస్తది గద సార్."
"పత్రికకు పంపడానికి ఎల్లుండే ఆఖరు తేదీ. ఆలోచించుకో" అన్నాను. బెదిరింపే. మెత్తగా.

మే 20
పొద్దున తొమ్మిదికే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. వాక్యం మార్చలేదు. పక్కన కాసిం కాక. షాపు మూసి వచ్చాడు, చేతులకు ఇంకా గ్రీజు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "నమస్తే సార్." కూర్చోమనలేదు నేను.
ఐదింటి దాకే గడువు. ఇప్పుడు నాలుగు దాటింది. కాగితాలు బల్ల మీద ఉన్నాయి. సంతకానికని కలం మూత తీసి ఇది రాస్తున్నాను. కిటికీలోంచి కనిపిస్తున్నాడు... ఇంకా నిలబడే ఉన్నాడు.