అరుగెక్కనన్న రాయబారి

హులిమనె,
వాన వెలవని సోమవారం

సుబ్రాయ బావకి తిమ్మణ్ణ నమస్కారం. ఇక్కడ మీ చెల్లెలు గౌరి, దూడలు, నేను క్షేమం. నా నోరు మరీ క్షేమం.

శ్రావణ అమావాస్యకి మా అరుగు మీద తాళమద్దళె పెడుతున్నాను. మొండి రాజుని ఎప్పట్లాగే నేను. ఎదురు వాదించే రాయబారివి నువ్వు. వక్కతోటలో జారి తుంటి విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచి నువ్వు మా ఇంటి ముఖం చూడలేదు. పోయినేడు నీ బదులు బడిపంతులు కూర్చున్నాడు. నేను రెండు మాటలనేసరికి "మీరన్నదే సబబు" అని ఒప్పేసుకున్నాడు. రాయబారే ఒప్పుకుంటే ఇంక ఆటేముంది, ఊరందరికీ కాఫీలు దండగ.

మన తాళమద్దళెలో యక్షగానంలోలా చిందుల్లేవు, వేషాల్లేవు. కూర్చుని పోట్లాడ్డమే. నోటికి తుంటితో పనేంటి? చక్రాల కుర్చీలో వచ్చెయ్.

నీ బావ
తిమ్మణ్ణ

తా.క.: గౌరి నీ కోసం రోజూ బెంగపడుతోందనుకోకు. రోజూ తిడుతోంది. నువ్వు దొరక్క ఆ తిట్లు నేను తింటున్నాను. వచ్చి నీ వాటా పట్టుకెళ్ళు.

-----

కానళ్ళి,
గురువారం

తిమ్మణ్ణ బావకి సుబ్రాయుడి ఆశీస్సులు. నీకన్నా పెద్దవాణ్ణి. తుంటి విరిగితే వయసు తగ్గదు.

రాను. మీ అరుగుకి మెట్లున్నాయి. మా కోడలి చెల్లెలి పెళ్ళిలో నలుగురు నన్ను కుర్చీతో సహా ఎత్తారు. వెనక పట్టుకున్నవాడు "వక్కబస్తా నయం, మూలగదు" అన్నాడు. అప్పుడే ఒట్టేసుకున్నాను. పరాయి భుజాల మీద నా ఊరేగింపు ఇంకొక్కసారే, అది నేనెలాగూ చూడను.

మెట్లు తీసేసినా గడప ఉంది. గడప దాటినా ఆట తెల్లవార్లూ. ముసలివాడు మధ్యలో లేవాలి కదా. మీ మరుగుదొడ్డేమో పశువులకొట్టం అవతల. పంతులినే కూర్చోబెట్టుకో.

సుబ్రాయ

తా.క.: ఇది మా గౌరికి చదివి వినిపించకు. వినిపిస్తే వక్కబస్తా ముక్క వదిలెయ్.

-----

హులిమనె,
ఆదివారం

బావకి నమస్కారం. వక్కబస్తా ముక్క గౌరికి రెండుసార్లు చదివి వినిపించాను.

మెట్లు పీకించేశాను. వాటి చోట ఎర్రరాయితో వాలు కట్టించాను. మేస్త్రీ మొదట నిటారుగా కట్టాడు. పరీక్షిద్దామని తోపుడుబండిలో నేనే కూర్చున్నాను. బండి నా మాట వినలేదు. ఎరువుగుంటలో దిగాను. మీ చెల్లెలు పరిగెత్తుకొచ్చి "బండికేం కాలేదు కదా" అంది. ఇప్పుడు పనసచెట్టు చుట్టూ తిప్పి పొడుగ్గా కట్టించాను. అదెంత మెత్తని వాలంటే, మా ఆవు దేవుడిగదిదాకా నడిచొచ్చి నైవేద్యం తినేసి పోయింది.

గడప దగ్గర పెద్ద యుద్ధమే జరిగింది. "లక్ష్మి కూర్చునే చోటు, కొయ్యనివ్వను" అని గౌరి అడ్డంగా కూర్చుంది. "ఇన్నేళ్ళుగా లక్ష్మి అక్కడే కూర్చుంది, లోపలికి రాలేదు. పాపం ఆవిడకీ తుంటి నొప్పేమో" అన్నాను. నవ్వింది, లేచింది. ఇప్పుడు గడప నేలమట్టం. ముగ్గు మాత్రం ఆగలేదు.

అరుగు పక్కనే కొత్త దొడ్డి. కుర్చీలా ఎత్తుగా, రెండు పక్కలా పట్టుకోడానికి కడ్డీలు. ఇంకా సాకులుంటే రాయి, సిమెంటు మిగిలే ఉన్నాయి.

తిమ్మణ్ణ

తా.క.: ఊరంతా ఆ దొడ్డిని చూడ్డానికి వస్తోంది. పంతులు సింహాసనంలా ఉందన్నాడు. రాజుని కదా, ముందు నేనే కూర్చున్నాను.

-----

కానళ్ళి,
మంగళవారం

బావా,

ఇంక దాచకు. వడ్రంగి మంజ మా ఇంటికొచ్చి అసలు సంగతి చెప్పాడు. ఎత్తు దొడ్డి, కడ్డీలు, గడప కోత. బావమరిది తుంటి కోసం లోకంలో ఎవడూ సొంత గడప కోయించడు. జబ్బు నీకే. నా పేరు పెట్టి నీకు కట్టించుకుంటున్నావు. నడుమా, గుండెకాయా? డాక్టరేమన్నాడు?

నా నొప్పుల నూనె బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. నిజం రాయి. నువ్వు మంచం పట్టిన మాట నిజమే అయితే, వద్దన్నా చూడ్డానికొస్తాను.

సుబ్రాయ

తా.క.: నువ్వు పోతే నేనెవరితో వాదించాలి? పంతులితో నా వల్ల కాదు.

-----

హులిమనె,
శుక్రవారం

బావా,

నీకెలా తెలిసింది? దాచాలనే అనుకున్నాను. లేవలేకపోతున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. ఎప్పుడూ వంకరే అంటావేమో, ఇది జబ్బు వంకర. గొంతులో గంజి తప్ప దిగడం లేదు. అమావాస్య నాడు దీపాలవేళకి వస్తే కడసారి చూపు దక్కుతుంది. మిగతా రోజుల్లో ఎవర్నీ రానివ్వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఉంటానో ఉండనో,
తిమ్మణ్ణ

తా.క.: వచ్చేటప్పుడు మద్దెల నారాయణని వెంట తీసుకురా. ఈ జబ్బుకి మద్దెల మంచిదట.

-----

కానళ్ళి,
అమావాస్య వెళ్ళిన మూడోనాడు

బావకి ఆశీస్సులు. పరామర్శ ముగించుకుని క్షేమంగా ఇల్లు చేరాను.

నీ వాలు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. చక్రాలు నేనే తిప్పుకున్నాను. మలుపు దగ్గర ఆగింది ఆయాసానికి కాదు. గుమ్మంలో గౌరి కళ్ళు తుడుచుకుంటోంది, అది అయ్యేదాకా ఆగాను.

నువ్వు కంబళి కప్పుకుని బాగానే మూలిగావు. కానీ నారాయణ మద్దెల ముట్టుకోగానే కంబళి కింద నీ కాలు తాళం వేసింది. గంజి మాత్రమే దిగే గొంతు తెల్లవార్లూ అరిచింది. చివరికి నా మాటకి మాట దొరక్క నీళ్ళడిగింది కూడా అదే.

జబ్బు నాటకమాడి సుబ్రాయణ్ణి రప్పించానని ఊరంతా చెప్పుకుంటున్నావట. చెప్పుకో. వడ్రంగి మంజ మా గుమ్మం తొక్కి ఏడాదైంది. ఆ కబురంతా నేనల్లిందే. కుంటివాణ్ణి పిలిచారు, పాపం వచ్చాడు అనిపించుకోవడం నాకిష్టం లేదు. రోగిని చూడ్డానికొచ్చినవాడి మీద ఎవడూ జాలిపడడు. అందుకని నాకొక రోగి కావాల్సొచ్చాడు. జబ్బు నీకు అంటగట్టాను. నువ్వు మారుమాట లేకుండా పుచ్చుకున్నావు. రాయబారమంటే ఇదీ.

సుబ్రాయ

తా.క.: రోగికెలా ఉందని మా కోడలడిగింది. కుదుటపడింది కానీ ప్రతి అమావాస్యకీ తిరగబెడుతుందని చెప్పాను. నా మాట పోనివ్వకు.