పక్క గది

జూలై 2, బుధవారం, మధ్యాహ్నం

తాగుడు మాన్పించేవాళ్ల నంబరు దొరికి వారమైంది. ఇవాళ చేశాను. తీసినాయన పేరు లింగస్వామి అట, పెద్దాయన గొంతు. నేను నోరు తెరవకముందే, మీ ఆయనకు ఎన్నేండ్ల సంది అలవాటమ్మా అని అడిగారు. నాలుగేళ్లు అన్నాను. అబద్ధమేం కాదు, నాలుగేళ్లే. మనిషే తేడా.

ఆదివారం పొద్దున మేడ్చల్ స్టేషన్ దగ్గర ట్యూషన్ సెంటర్‌లో మీటింగ్. తాగేవాళ్లకు ఒక గది, ఇంట్లోవాళ్లకు పక్క గది.

మా ఆయన ఫణి జీవితంలో బీరు కూడా ముట్టలేదు. జూన్‌లో అమ్మడు స్కూల్ బస్ దిగే టైముకి నేను నిద్రపోయాను. కాదు, తాగి పడిపోయాను. రాశాను కదా, చాలు. ఏడేళ్ల పిల్ల గేటు దగ్గర వానలో నిలబడింది. అప్పటి నుంచి దుండిగల్‌లో వాళ్ల మేనత్త ఇంట్లో ఉంది. మీటింగులకు వెళ్లి మానేస్తేనే తీసుకొస్తానని ఫణి ఖరాఖండీగా చెప్పాడు.

జూలై 6, ఆదివారం

ఫణి దింపి బయట కారులోనే కూర్చున్నాడు. మొదటి గదిలోకి తొంగి చూశాను. అందరూ మగవాళ్లే. లింగస్వామిగారు లేచి వచ్చి, ఫ్యామిలీ వాళ్లది పక్క గది తల్లీ అని ఎంతో మర్యాదగా చూపించారు.

వెళ్లాను. నలుగురు ఆడవాళ్లు. ఒకావిడ జరిగి చోటిచ్చింది. ఎంత హాయిగా కూర్చున్నానో రాయడానికి సిగ్గేస్తోంది.

జూలై 8

శానిటరీ ప్యాడ్ల నల్ల కవర్లో క్వార్టర్ సీసా పెడితే ఏ మగాడూ ముట్టుకోడు.

జూలై 13, ఆదివారం

నా వంతు వచ్చింది. మా ఆయన వోడ్కాని స్టీలు వాటర్ బాటిల్లో పోసుకుని ఆఫీస్ కాల్స్‌లో తాగుతాడని చెప్పాను. పొద్దున్నే కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటాడని. పిల్లని బస్ దగ్గర మర్చిపోయాడని. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనైతే వెక్కి వెక్కి ఏడ్చాను.

నా గురించి ఇంత నిజం ఎవరికీ చెప్పలేదు. అదీ ఫణి నెత్తిన రుద్ది చెప్పాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నా బతుకు.

చోటిచ్చినావిడ పేరు జహీరా. శామీర్‌పేటలో చీరలకు ఫాల్స్ కుడుతుంది. భర్త సర్ఫరాజ్ ట్రాలీ ఆటో తోలుతాడు, సాయంత్రమైతే వైన్స్ ముందే ఉంటాడట. నీది నాది ఒక్కటే కథ చెల్లె అంది.

జూలై 20, ఆదివారం

జహీరా అక్క నాకోసం బగారన్నం తెచ్చింది. వారంలో రెండుసార్లు ఫోన్ కూడా చేసింది, తిన్నావా అని. కొంపల్లిలో ఇన్ని ఫ్లాట్ల మధ్య ఉంటున్నాను. తిన్నావా అని అడిగిన మనిషి లేదు.

తాగేటోళ్ల మొకం జూస్తెనే పాపం తగుల్తది అంది అక్క. తలూపాను. ఇంటికొచ్చి తాగాను.

మీటింగ్ ఎలా ఉందని ఫణి అడిగాడు. బాగుందన్నాను. అయితే వచ్చే నెల అమ్మడిని తెచ్చేసుకుందాం అన్నాడు. అతని మొహం అంత సంతోషంగా చూసి ఎన్నాళ్లయిందో.

ఆగస్టు 3, ఆదివారం

బయటికొచ్చేసరికి జహీరా అక్క నాకంటే ముందే కారు దగ్గరికి నడిచింది. ఆపలేకపోయాను.

ఏందన్నా, సదువుకున్నోనివి, గింత మంచి పెండ్లాన్ని గిట్ల పరేషాన్ జేస్తవా అని మొదలుపెట్టింది. బిడ్డను వానల నిలబెట్టినవంట, సిగ్గనిపిస్తలేదా అంది. ఇగ తాగనని బిడ్డ మీద ఒట్టు పెట్టు అంది. దారినపోయేవాళ్లు కూడా ఆగి చూశారు.

ఫణి నావైపు ఒక్కసారి చూశాడు. అంతా అర్థమైపోయింది అతనికి. కారు దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పేనండి, అమ్మడి మీద ఒట్టు, తాగను అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

కండ్లకోయ దాటాక, ఏ గదిలో కూర్చుంటున్నావని మాత్రం అడిగాడు. చెప్పాను.

ఆగస్టు 4

తాగాను.

ఆగస్టు 7, గురువారం, సాయంత్రం

ఫణి అమ్మడి గదిలో పడుకుంటున్నాడు. ఇవాళ తలుపు దగ్గర నిలబడి అడిగాను, ఆవిడకి నిజం ఎందుకు చెప్పలేదని. అక్కడ నీ పరువు తీస్తే మళ్లీ ఆ మెట్లు ఎక్కవు కదా అన్నాడు. అమ్మడి దుప్పటి మడతపెడుతూ, నావైపు తిరగకుండా.

కొడితే బాగుండేది. అరిచినా బాగుండేది. నల్ల కవర్ తెచ్చి అతని చేతికిచ్చాను.

ఆగస్టు 10, ఆదివారం

మొదటి గదికి వెళ్లాను. మీది పక్క గది తల్లీ అన్నారు లింగస్వామిగారు. కాదండీ అని కూర్చున్నాను. నన్ను పిలవడానికి జహీరా అక్క గుమ్మం దాకా వచ్చింది.

నా పేరు అనూహ్య, తాగేది నేనే అన్నాను.

అక్క చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నేను లేవలేదు.