నెహ్రూ బొమ్మ రూపాయి

చిట్యాల దగ్గరి పల్లె,
జనవరి 1965

నాణేల దుకాణం గులాం నబీ సాబ్‌కు గొర్ల గుర్వయ్య దండాలు.

బజ్జీలు కట్టిచ్చిన కాగితంల మీ ప్రకటన చూసిన. అంగట్ల పొట్టేలును అమ్మితే అన్నీ నెహ్రూ బొమ్మ రూపాయలే వచ్చినయి. ఆయన పోయినంక అచ్చేసిన బిళ్లలు, ముందుముందు మస్తు పలుకుతయంటున్నరు. ఎంతిస్తరో జర రాయున్రి.

ఇట్లు,
గుర్వయ్య

తా.క.: గీ పైసలతోటి గుట్ట జాతరకు పోదామని మా గోపమ్మ ఒకటే పోరు. పైసల పెట్టె తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్న.

---

మహబూబ్‌నగర్

గుర్వయ్య గారికి గులాం నబీ సలాములు.

మీ రూపాయి విలువ ఒక్క రూపాయి. అది వెండి కాదు, నికెల్. లక్షలకొద్దీ అచ్చయ్యాయి. నా గల్లాపెట్టె నిండా అవే. నిశ్చింతగా ఖర్చుపెట్టి మీ ఇంటామెను జాతరకు తీసుకెళ్లండి.

భవదీయుడు,
గులాం నబీ

తా.క.: నిజాం కాలపు వెండి నాణేలు, హాలీ సిక్కాలుంటే చెప్పండి. వాటి చప్పుడు వింటే మా అబ్బాజాన్ పక్కన కూర్చున్నట్టుంటుంది.

---

నబీ సాబ్‌కు,

మీరు మస్తు ఉషారున్నరు! గల్లపెట్టె నిండ మీరు దాచుకొని, మమ్మల్ని ఖర్చుపెట్టుమంటరా? మీ ఉత్తరం చావడికాడ చదివి వినిపించిన. ఊరు ఊరంతా బొమ్మ రూపాయలు దాచిపెట్టింది. అందరు పెద్దనోట్లే తీస్తున్నరని కండక్టర్ మా ఊరికాడ బస్సు ఆపుతలేడు.

మీ బేరం తెలిసినోడు,
గుర్వయ్య

తా.క.: గోపమ్మ అలిగి తల్లిగారింటికి పోయింది. "ఆ బొమ్మతోనే వండించుకో" అన్నది. జొన్న గట్క నేనే వండుకుంటున్న. మాడిపోతాంది.

---

గుర్వయ్య గారికి,

అయ్యో! అవి దాచినవి కావండీ, బేరాల్లో వచ్చినవి. నా మాటవల్ల ఒక ఇల్లాలు ఇల్లు విడిచిందంటే నాకు అన్నం సయించడం లేదు. ఆదివారం నేనే వస్తున్నాను. నా దగ్గరున్నవన్నీ మీ ఊళ్లోనే ఖర్చుపెట్టి చూపిస్తాను.

మీ నబీ

తా.క.: గట్క వండకండి. రొట్టెలు నేనే తెస్తాను.

---

నబీ అన్నకు తమ్ముడు గుర్వయ్య దండాలు.

ఊరందరికి నువ్వు బొమ్మ రూపాయలతోనే చాయ తాపిస్తే జనం నమ్మిన్రు. నువ్వు తల్లిగారింటిదాక వచ్చి "చెల్లె" అని పిలిస్తే గోపమ్మ మూట సర్దుకొని ఇంటికొచ్చింది. గుట్టకు పోయినం. స్వామి దర్శనమైంది. గోపమ్మ చేతినిండ గాజులేసుకుంది.

ఆ రాత్రి అరుగు మీద మన ముచ్చట్లు ఇంకా యాదికొస్తున్నయి. మా బాపు కంబళ్లు మోసుకొని మీ పాలమూరు అంగడికొచ్చిన రోజులు, మీ అబ్బాజాన్ సిక్కాను రాయి మీద మోగించి చూసిన రోజులు, యాడికి పోయినయన్నా అవన్నీ?

నీ తమ్ముడు

తా.క.: ఒక్క రూపాయి మిగిలింది. అన్నకు గుర్తుగ పంపుమన్నది గోపమ్మ. కవర్ల పెట్టిన.

---

తమ్ముడు గుర్వయ్యకు ఆశీస్సులు.

చెల్లెమ్మ పంపిన రూపాయి అందింది. మఖ్మల్ గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టుకున్నాను. నిన్న హైదరాబాదు షావుకారు ఒకాయన అది చూసి, ఏదో అరుదైన నాణెమనుకుని రెండు రూపాయలిస్తానన్నాడు. "అమ్మేది కాదు" అన్నాను. మూడన్నాడు. ఐదన్నాడు. ఇవ్వలేదు. ఇన్నేళ్ల వ్యాపారంలో నేను ధర కట్టలేకపోయిన నాణెం ఇదొక్కటే.

మీ అన్న,
గులాం నబీ

తా.క.: ఈ ఉత్తరం మాత్రం చావడి దగ్గర చదవకు.